ఆర్ఏ ఫ్యాక్టర్ 38 వచ్చింది. అమ్మకి కీళ్లవాతమేనా?

తాటిముంజ:
అందరికీ నమస్కారం. మాది అనకాపల్లి దగ్గర పల్లెటూరు, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మకి 58. ఏడాది పైగా రెండు మోకాళ్లూ నొప్పి. మెట్లెక్కినా, కింద కూర్చుని లేచినా ఎక్కువ. మొన్న పండక్కి వెళ్లినప్పుడు అన్నయ్య టౌన్‌లో ల్యాబ్‌కి తీసుకెళ్లాడు. డాక్టర్ రాసిందేమీ లేదు, అక్కడ "ఆర్థరైటిస్ ప్రొఫైల్" ఆఫర్ ఉందని చేయించేశాడు. ఆఫర్ ఇద్దరికి కాబట్టి పనిలో పనిగా మా అక్క కూడా రక్తం ఇచ్చింది.

అమ్మది: ఆర్ఏ (రుమటాయిడ్) ఫ్యాక్టర్ 38 (20 లోపు ఉండాలట), ఏఎస్ఓ 240 (200 లోపు), సీఆర్‌పీ 3, ఈఎస్‌ఆర్ 28 (ఈ రెండూ ఒంట్లో వాపుకి గుర్తులట), యూరిక్ యాసిడ్ 5.1. అక్కది ఆర్ఏ ఫ్యాక్టర్ 11, నార్మల్. ఆ 38 లావుపాటి అక్షరాల్లో ఉంది, పక్కన హై అని గుర్తు. అంతే, ఇల్లంతా టెన్షన్. చుట్టాల్లో ఒకాయన ఫోన్ చేసి "రుమటాయిడ్ కీళ్లవాతమే, వేళ్లు వంకర్లు పోతాయి, జీవితాంతం మందులు" అన్నాడట. అమ్మ రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

ల్యాబ్‌మాస్టారు:
ముందు అమ్మగారికి అన్నం పెట్టండి. ఇరవై ఏళ్లకు పైగా ఈ టెస్టులు చేస్తున్నవాణ్ణి, ఆ లావుపాటి అక్షరాల సంగతి చెప్తా. గీత 20 దగ్గర గీస్తే 21 వచ్చినా మెషీన్ హై అనే కొడుతుంది. దానికి మీ అమ్మ తెలీదు, మోకాలు తెలీదు.

నేను నేర్చుకున్న రోజుల్లో ఇది నల్ల స్లైడ్ మీద చేసేవాళ్లం. పేషెంట్ సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు) ఒక చుక్క, పాలలా ఉండే లేటెక్స్ ద్రవం ఒక చుక్క వేసి, పుల్లతో కలిపి, స్లైడ్‌ని రెండు నిమిషాలు అటూ ఇటూ వంచుతూ ఉండాలి. ఆర్ఏ ఫ్యాక్టర్ ఉంటే పాలు విరిగినట్టు పలుకులు పలుకులుగా తేలేది. లేకపోతే నున్నగా అలాగే ఉండేది. ఇప్పుడు మెషీన్ ఆ విరగడాన్నే వెలుతురు పెట్టి కొలిచి అంకె ఇస్తుంది. అంకె వచ్చేసరికి జనానికి భయం పెరిగింది, అంతే తేడా.

ఆఫర్ ప్యాకేజీల మీద నా అభిప్రాయం ఇక్కడ రాస్తే మా ఓనర్ చూస్తాడేమో. ఊరుకుంటున్నా.

పదకొండేళ్లకీళ్లు:
తాటిముంజ గారూ, నాది కర్నూలు. నాకు రుమటాయిడ్ వచ్చి పదకొండేళ్లు, అందుకే ఈ పేరు. ఒక్క మాట అడుగుతా. అమ్మగారికి పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోతాయా? గంటసేపు పిడికిలి పట్టకుండా ఉంటుందా? మణికట్టు, వేళ్ల మొదళ్లు ఉబ్బి మెత్తగా ఉంటాయా?

తాటిముంజ:
ఇప్పుడే ఫోన్ చేసి అడిగా. లేవగానే మోకాళ్లు ఐదు నిమిషాలు పట్టేస్తాయట, నాలుగడుగులు వేస్తే సర్దుకుంటుంది. వేళ్లకేం లేదు. నిన్న కూడా రెండు కొబ్బరికాయలు తురిమిందట.

పదకొండేళ్లకీళ్లు:
కొబ్బరి తురిమే చేతులకి భయపడక్కర్లేదమ్మా. నాకు మొదలైనప్పుడు పాలప్యాకెట్ చించలేకపోయేదాన్ని.

తెల్లకోటు:
రుమటాలజీలో, అంటే కీళ్లవాతాల వైద్యంలో, ట్రైనింగ్‌లో ఉన్నాను. ఆన్‌లైన్‌లో వైద్యం చేయను, అమ్మగారిని ఎవరైనా చేత్తో చూడాలి. కానీ ఆ అంకెకి అర్థం చెప్పగలను.

ఆర్ఏ ఫ్యాక్టర్ అంటే మన యాంటీబాడీల తోకను పట్టుకునే ఇంకో యాంటీబాడీ. దీన్ని నార్వేలో వాలర్ అనే ఆయన 1940లో గమనించాడు. రక్తంలోని వేరే పదార్థం కోసం గొర్రె రక్తకణాలతో పరీక్ష చేస్తుంటే, ఒక కీళ్లవాతం పేషెంట్ సీరంకి ఆ కణాలు గడ్డకట్టాయి. 1948లో న్యూయార్క్‌లో రోజ్ బృందం కూడా అదే చూసింది. అప్పటి నుంచి ఇది రుమటాయిడ్ పేరు మోస్తోంది. పేరే దీని అసలు గొడవ. ఎందుకంటే ఇది రుమటాయిడ్‌కి మాత్రమే సొంతం కాదు. హెపటైటిస్ సి, క్షయ, కుష్ఠు, గుండె కవాటాలకి పట్టే ఇన్ఫెక్షన్, కళ్లూ నోరూ ఎండిపోయే షోగ్రెన్ జబ్బు, వీటిలోనూ వస్తుంది. ఏ జబ్బూ లేనివాళ్లలోనూ నూటికి ఐదుగురికి ఉంటుంది. వయసు మీద పడేకొద్దీ ఇంకా ఎక్కువ.

ఊరి లెక్కలో చెప్తా. మీ ఊళ్లో దారిన పోయే వెయ్యిమందికి ఈ టెస్ట్ చేశామనుకోండి. వాళ్లలో ఎనిమిది మందికి నిజంగా రుమటాయిడ్ ఉందనుకుందాం. ఆ ఎనిమిదిలో ఆరుగురికి పాజిటివ్ వస్తుంది. మిగతా 992 మందిలో నూటికి ఐదు చొప్పున దాదాపు 50 మందికి ఉత్తపుణ్యానికి పాజిటివ్ వస్తుంది. అంటే 56 హైలలో జబ్బున్నవాళ్లు ఆరుగురే. కీళ్లు వాచినవాళ్లకి చేస్తే ఇదే టెస్ట్ పనికొస్తుంది. ఆఫర్‌లో చేస్తే ఇలా ఇల్లంతా ఏడిపిస్తుంది.

తాటిముంజ:
ఇది అమ్మకి చదివి వినిపించా. "అయితే ఆ యాభైలో నేనున్నానా" అంది. అన్నం తింది. ఏఎస్ఓ సంగతేంటి సార్? దానికీ హై ఉంది.

తెల్లకోటు:
అది గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్ మీద మన ఒంట్లో తయారైన యాంటీబాడీ. ఎప్పుడో గొంతు పట్టిందని చెప్తుంది, అంతకుమించి చెప్పదు. పనికొచ్చేది రుమాటిక్ ఫీవర్ (ఆ గొంతునొప్పి తర్వాత కీళ్లకీ గుండెకీ పట్టే జ్వరం) అనుమానం ఉన్న పిల్లల్లో. రుమాటిక్ వేరు, రుమటాయిడ్ వేరు. పేర్లు కలిసినందుకు ఈ ఒక్క అంకె చూసి 21 రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్లు వేయించుకుంటున్న నడివయసు వాళ్లని చూశాను. అమ్మగారికి అలాంటిది ఎవరైనా మొదలుపెడదామంటే ఎందుకని అడగండి.

ఓరుగల్లుపోరడు:
ఇన్ని టెస్టులెందుకు అన్నా? మా మామకు ఇట్లనే మోకాళ్లు. పక్కూరి పెద్దాయన పొడి ఇచ్చిండు, నెలకు 600. మూడు రోజుల్ల లేచి నడిచిండు. నంబర్ కావాలంటే పెడతా.

మోడరేటర్:
నంబర్లు పెట్టవద్దు. పెడితే తీసేస్తాం.

తెల్లకోటు:
తమ్ముడూ, మూడు రోజుల్లో లేచి నడిచాడంటే నాకు సంతోషం కాదు, అనుమానం. ఊరూపేరూ లేని పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మడం మేం చూస్తూనే ఉంటాం. మీ మామకి మొహం గుండ్రంగా అయిందా? ఆకలి పెరిగిందా? షుగర్ చూపించండి. ఒక జాగ్రత్త, నెలల తరబడి వాడుతుంటే ఒక్కసారిగా ఆపించకండి. స్టెరాయిడ్ అయితే హఠాత్తుగా ఆపడం ప్రమాదం. ఆ పొడి పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

డాలస్‌బాబాయ్:
మంచి చర్చ. నాది ఇంకో రకం కథ. మా చెల్లికి రుమటాయిడ్, గుంటూరులో ఉంటుంది. ఇక్కడ మా డాక్టర్ కుటుంబ చరిత్ర అడిగి నాకు యాంటీ సీసీపీ చేసింది. 20 లోపు ఉండాల్సింది 140. నాకు ఏ నొప్పీ లేదు, వారానికి మూడుసార్లు టెన్నిస్ ఆడతా. ఈ సీసీపీ అనేది ఆర్ఏ ఫ్యాక్టర్ లాంటిదేనా? ఇంకో తెలివితక్కువ ప్రశ్న: ఈ సీసీపీ పేరులో సిట్రులిన్ ఉందట, నెట్‌లో చూస్తే అది పుచ్చకాయలో ఉంటుందట. వేసవిలో రోజూ సగం కాయ తినే అలవాటు నాది. మానేయాలా?

తెల్లకోటు:
తెలివితక్కువ ప్రశ్నేం కాదు, ఆ పేరే పుచ్చకాయది. 1914లో జపాన్‌లో పుచ్చరసం నుంచే తీశారు, పుచ్చకాయ శాస్త్రీయ నామంలోని సిట్రులస్ నుంచి పేరు పెట్టారు. కానీ మీరు తినే సిట్రులిన్‌కీ ఈ టెస్ట్‌కీ సంబంధం లేదు. నిశ్చింతగా తినండి.

జరిగేది ఇదీ. మన ప్రోటీన్లు పూసలదండలనుకోండి. అందులో ఆర్జినిన్ అనే పూసని ఒక ఎంజైమ్ దండ తెంపకుండానే అక్కడికక్కడే సిట్రులిన్‌గా మార్చేస్తుంది. కొందరి ఒంట్లో కాపలావాళ్లు ఆ మారిన పూసని చూసి, ఇది మనవాడు కాదని యాంటీబాడీలు తయారుచేస్తారు. ఆ యాంటీబాడీలని పట్టడానికి ల్యాబ్‌లో గుండ్రంగా చుట్టిన చిన్న ప్రోటీన్ ముక్క వాడతారు, అదే సీసీపీ. దీని వెనక కథ పాతదే. 1964లోనే నెదర్లాండ్స్‌లో బుగ్గ లోపలి కణాల మీద అంటుకునే ఒక వింత యాంటీబాడీని చూశారు. అది పట్టుకునేది ఈ సిట్రులిన్‌నే అని 1998లో అదే దేశంలో తేలింది.

ఆర్ఏ ఫ్యాక్టర్‌కీ దీనికీ తేడా ఏంటంటే, ఇది ఊరికే పాజిటివ్ రాదు. రుమటాయిడ్ కాని వేరే జబ్బులున్నవాళ్లలో కూడా నూటికి 95 మందికి నెగటివే వస్తుంది, చాలా పరిశీలనల్లో అంతకన్నా మెరుగు. కానీ రుమటాయిడ్ ఉన్నవాళ్లలో మూడోవంతు మందికి ఇదీ నెగటివ్ వస్తుంది. అందుకే నెగటివ్ వచ్చిందని జబ్బు లేదనుకోకూడదు.

డాలస్‌బాబాయ్:
అంటే నాకు వచ్చేసినట్టేనా?

తెల్లకోటు:
రాలేదు. వచ్చే అవకాశం మామూలు మనిషికన్నా ఎక్కువ. నెదర్లాండ్స్‌లో రక్తదాతల నిల్వ రక్తం తీసి చూశారు, 2004లో అచ్చయింది. తర్వాతి కాలంలో రుమటాయిడ్ వచ్చిన 79 మంది పాత నమూనాల్లో దాదాపు సగం మందికి ఆర్ఏ ఫ్యాక్టరో సీసీపీయో ముందే ఉంది, సగటున నాలుగున్నరేళ్ల ముందు నుంచి. ఇలాంటివాళ్లకి ముందే మందిస్తే ఆగుతుందా అని అబటాసెప్ట్‌తో బ్రిటన్, నెదర్లాండ్స్‌లలో చేసిన ప్రయోగం 2024లో వచ్చింది. వాళ్లు కీళ్లనొప్పులు మొదలైనవాళ్లు, మీలా ఏమీ లేనివాళ్లు కాదు. ఏడాది మందు వాడినంతకాలం జబ్బు బాగా తక్కువమందికి వచ్చింది. మందు ఆపాక రెండో ఏడాదికి ఆ తేడా చాలావరకు తగ్గిపోయింది. వాయిదా పడింది కానీ రద్దు కాలేదన్నమాట.

మీరు సిగరెట్ తాగుతారా?

డాలస్‌బాబాయ్:
...రోజుకి ఐదారు. మీ వదినగారికి తెలీదు.

పదకొండేళ్లకీళ్లు:
ఇప్పుడు తెలుస్తుంది బాబాయ్ గారూ, వదినగారు కూడా ఈ గ్రూప్ చదువుతారేమో.

తెల్లకోటు:
ఊపిరితిత్తుల్లో ఆ పూసల మార్పిడిని పొగ పెంచుతుంది. కుటుంబంలో జబ్బు, సీసీపీ 140, దానిమీద సిగరెట్. మీ చేతిలో ఉన్నది ఆ మూడోదే. చిగుళ్ల జబ్బుకీ దీనికీ లంకె ఉందని కూడా చూశారు, ఆ పూసని మార్చే ఎంజైమ్ చిగుళ్లలోని ఒక బ్యాక్టీరియాకి సొంతంగా ఉంది. పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వేళ్లు వాచి, పొద్దున బిగుసుకుంటే మాత్రం అంకెలు మళ్లీ చేయించకుండా నేరుగా రుమటాలజిస్ట్ దగ్గరికే.

ల్యాబ్‌మాస్టారు:
చిన్న మాట. జుట్టుకోసం బయోటిన్ మాత్రలు ఎక్కువ మోతాదులో వాడేవాళ్లు రక్తం ఇచ్చే ముందు చెప్పండి. కొన్ని మెషీన్లలో అది అంకెని తారుమారు చేస్తుంది. ఎవరూ చెప్పరు, మేమూ అడగం.

తాటిముంజ గారూ, మీ మొదటి పోస్ట్‌లో అక్క ఆర్ఏ ఫ్యాక్టర్ ఒక్కటే రాశారు. ఆఫర్‌లో మిగతావీ వచ్చి ఉండాలిగా?

తాటిముంజ:
అవునండీ, అక్కది నార్మల్ అని ఎవరం చూడలేదు. ఇప్పుడు తీశా. ఆర్ఏ ఫ్యాక్టర్ 11, యూరిక్ యాసిడ్ 4.2, ఈఎస్‌ఆర్ 46, సీఆర్‌పీ 18. జలుబు చేసి ఉంటుందేమో.

పదకొండేళ్లకీళ్లు:
అక్కకి వయసెంత? ఆఫర్ ఉందనే చేయించుకుందా, ఏమైనా ఇబ్బంది ఉండి చేయించుకుందా? అడగమ్మా, ఊరికే అడుగుతున్నా.

తాటిముంజ:
34. మీరు అడగమన్నారని ఇప్పుడే గంటసేపు మాట్లాడా. నాకు మాట రావడం లేదు.

మూడు నెలలుగా పొద్దున తొమ్మిదిదాకా చేతులు పనిచేయడం లేదట. ఎవరికీ చెప్పలేదు. గాజులు మార్చుకోలేక సబ్బు రాసి తీసి పక్కన పెట్టేసిందట, ఫ్యాషన్ అనుకున్నాం. ఇంటిముందు ముగ్గు అత్తగారే వేస్తున్నారు. మేము బద్ధకం అని ఏడిపించాం. ముగ్గుపిండి వేళ్ల మధ్య నుంచి జారడం లేదట, బొటనవేలు చూపుడువేలుతో నొక్కలేకపోతోంది, పిండి ముద్దలుగా పడుతోందట. ఆర్ఏ ఫ్యాక్టర్ నార్మల్ అని రాగానే "నాకేం లేదు, పని ఎక్కువై" అనుకుందట.

తెల్లకోటు:
అమ్మగారిని తర్వాత చూపించొచ్చు, అక్కని ఈ వారమే చూపించండి. ఇది భయపెట్టడానికి కాదు. ఈ జబ్బులో మొదటి కొన్ని నెలలే మందుకి బాగా లొంగే కాలం.

ఎందుకంటున్నానో చెప్తా. 2010లో అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు కలిసి పెట్టిన లెక్క ఒకటి ఉంది, పదికి ఆరు వస్తే రుమటాయిడ్‌గా లెక్కేస్తారు. పరిశోధనల కోసం చేసింది, ఇంట్లో వేసుకునేది కాదు. వాచింది నిజమైన కీలువాపేనని, దానికి వేరే కారణం లేదని డాక్టర్ తేల్చాకే వాడాలి. అయినా తేడా చూడండి. అమ్మగారికి పెద్ద కీళ్లు రెండు, 1. కొద్దిగా పెరిగిన ఆర్ఏ ఫ్యాక్టర్, 2. ఆరు వారాలు దాటింది, 1. సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ ఆ వయసుకి మామూలే, 0. మొత్తం 4. అక్కకి చేతుల చిన్న కీళ్లు నాలుగైనా వాచి ఉంటే 3, సీఆర్‌పీకి 1, మూడు నెలలకి 1. ఆర్ఏ ఫ్యాక్టర్ సున్నా అయినా అప్పుడే 5. యాంటీ సీసీపీ ఇంకా చేయనేలేదు. అది మూడింతలకి మించి ఉంటే ఇంకో 3.

పదకొండేళ్లకీళ్లు:
తోడు వెళ్లండి. ఒక్కదాన్నే పంపకండి. నేను ఒక్కదాన్నే వెళ్లి, డాక్టర్ చెప్పింది సగం వినలేదు.

మాకు 2006లో రాయలసీమంతా చికెన్‌గున్యా. అందరికీ కీళ్లు పట్టేశాయి కాబట్టి ఎవరికి కీళ్లనొప్పి వచ్చినా జ్వరం తాలూకే అనుకోవడం మాకు అలవాటైపోయింది. నాకు తర్వాతెప్పుడో మొదలైనప్పుడు కూడా అదేలే అని ఎనిమిది నెలలు పోగొట్టుకున్నా. ఎడమ మణికట్టు అప్పుడు పోయిందే.

తెల్లకోటు:
పదకొండేళ్లకీళ్లు గారు చెప్పింది నిజం. చికెన్‌గున్యా తర్వాత నెలల తరబడి అచ్చం రుమటాయిడ్‌లాగే ఉంటుంది, ఆర్ఏ ఫ్యాక్టర్ కూడా కొందరికి కొన్నాళ్లు పాజిటివ్ వస్తుంది. అక్కడ సీసీపీ మామూలుగా నెగటివ్ వస్తుంది కాబట్టి తేల్చడానికి సాయపడుతుంది.

ఓరుగల్లుపోరడు:
సార్, మామ షుగర్ చూపిచ్చినం. 286. మొహం నిండుగా అయింది, ఒళ్లు చేసిండు అని మేం మురిసినం. పొడి పట్టుకొని రేపు హాస్పిటల్‌కు పోతున్నం. ఆపలే, మీరు చెప్పినట్టే.

తాటిముంజ: (పన్నెండు రోజుల తర్వాత)
వెళ్లొచ్చాం. రాయడం ఆలస్యమైంది, క్షమించాలి.

డాక్టర్ రిపోర్టులు పక్కన పెట్టి ముందు అక్కకి షేక్‌హ్యాండ్ ఇచ్చారు. ఇచ్చి, వేళ్ల మొదళ్లు నాలుగూ కలిపి రెండు పక్కలనుంచి మెల్లగా నొక్కారు. అక్క అరవలేదు, కుర్చీలోంచి లేచిపోయింది. తర్వాత ఒక్కో కీలూ బొటనవేళ్లతో తడిమి ఒక బొమ్మ మీద సున్నాలు చుట్టారు, తొమ్మిది. యాంటీ సీసీపీ 212 వచ్చింది. ఆర్ఏ ఫ్యాక్టర్ మళ్లీ నెగటివే. చేతుల ఎక్స్‌రే చూసి జబ్బు ఎముకని ఇంకా తినలేదన్నారు. హెపటైటిస్ బి, సి, లివర్, ఛాతీ ఎక్స్‌రే చూశాక మెథోట్రెక్సేట్ మొదలుపెట్టారు, కొన్ని వారాలు తక్కువ మోతాదు స్టెరాయిడ్. ఇంకా పిల్లలు కావాలనుకుంటున్నారా అని అడిగారు. ఈ మందు మీద గర్భం రాకూడదట, కావాలనుకుంటే ముందే చెప్పి మార్పించుకోవాలట.

అమ్మది మోకాలి అరుగుదలే. 38 గురించి అడిగితే "హెపటైటిస్ సి ఒకటి చూసేద్దాం" అన్నారు, అదీ నెగటివ్.

పదకొండేళ్లకీళ్లు:
మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. రోజూ కాదు. ఇది పదిసార్లు చెప్పినా తక్కువే, రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. వారంలో ఒక రోజు పెట్టుకుని క్యాలెండర్ మీద రాయండి. నాది గురువారం. దానితోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ విటమిన్ మాత్రకి వేరే రోజు పెట్టుకోండి, రెండూ పసుపురంగు మాత్రలైతే డబ్బాలూ వేరు పెట్టండి.

తాటిముంజ:
ఆదివారం పెట్టుకుంది. చింతపండు డబ్బా పక్కన క్యాలెండర్ మీద బావ ఎర్రపెన్నుతో 52 ఆదివారాలకీ సున్నాలు చుట్టాడు. మూడు నెలల తర్వాత సీసీపీ మళ్లీ చేయించి 212 ఎంతకి దిగిందో చూద్దాం అంటున్నాడు.

తెల్లకోటు:
బావగారికి చెప్పండి, ఆ డబ్బు దాచుకోమని. సీసీపీ తగ్గితే జబ్బు తగ్గినట్టు, పెరిగితే పెరిగినట్టు కాదు. ఒకసారి తేలాక దాని పని అయిపోయింది. ఇకమీదట చూసేది వాచిన కీళ్లెన్ని, పొద్దున బిగుసుకునేది ఎంతసేపు, సీఆర్‌పీ ఎంత. మందు కోసం లివర్, రక్తకణాల టెస్టులు మాత్రం డాక్టర్ చెప్పిన గడువుకి తప్పకుండా చేయించండి.

డాలస్‌బాబాయ్:
ఇరవై రోజులైంది మానేసి. మీ వదినగారు నిజంగానే ఈ గ్రూప్ చదువుతున్నారు.

తాటిముంజ: (నాలుగు నెలల తర్వాత)
అడిగినవాళ్లందరికీ ఒక్క పోస్ట్‌లో చెప్తున్నా. మొదటి నెలన్నర పెద్ద మార్పు లేదు, ఆదివారం రాత్రి వికారం, సోమవారం నీరసం. అక్క మానేస్తానంది కూడా. రెండో నెల దాటాక పొద్దున బిగువు అరగంటకి వచ్చింది. ఇప్పుడు పది నిమిషాలు. సీఆర్‌పీ 4. గాజులు ఎక్కుతున్నాయి, పాత సైజువి కాదు. నిన్న శుక్రవారమని ఏడు చుక్కల ముగ్గు వేసింది. ఫొటో పంపమంటే గీతలు ఇంకా వంకరగా ఉన్నాయని పంపలేదు.

అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. కింద కూర్చుని కూరలు తరగొద్దని డాక్టర్ చెప్పారు. కత్తిపీట టేబుల్ మీద ఎలా పెడతానంటుంది.